చెక్‌పోస్ట్ డ్యూటీ చేసే సార్లకు, మేడమ్‌లకు: ఎద్దులు కొనకముందే బిల్లు ఎక్కడ్నుంచి తేవాలి?

అందరికీ నమస్కారం.

ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడు రోడ్ల మీద బండ్లు ఆపి చెక్ చేసే టీముల్లో డ్యూటీ చేసే ప్రతి ఒక్కరికీ, ఆ టీములకు ముందుగా ట్రైనింగ్ ఇచ్చే జిల్లా ఎన్నికల అధికారులకూ ఈ లెటర్ రాస్తున్నా. మీ మీద పగతో రాయట్లేదు, అది ముందే చెప్తున్నా. రాత్రంతా చలిలో రోడ్డు మీద నిలబడి, తిండీ నిద్రా లేకుండా, రేపు పొద్దున మళ్లీ ఆఫీసుకు పోయి సొంత పని చేసుకునే వాళ్లు మీలో చాలామంది ఉన్నారని తెలుసు, నా ఫ్రెండ్ ఒకామె టీచర్, ఆమెకూ ఎలక్షన్ డ్యూటీ పడింది, ఆమె కష్టం దగ్గర్నుంచి చూశాను. కానీ మా నాయనకు జరిగింది ఇంకో రైతుకు జరగకూడదని ఇది రాస్తున్నా, కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

మాది పాలమూరు వైపు ఊరు. బోరు కింద నాలుగెకరాలు, వానకు పండేది ఇంకో మూడెకరాలు. వాన భూమిలో పత్తి, బోరు కింద యాసంగికి పల్లి. మా వైపు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పల్లి విత్తాలంటే అదును ముఖ్యం, వారం పది రోజులు అటూ ఇటూ అయితే దాని లెక్క దిగుబడిలో కనబడుతుంది. ఆ ఏడు వానాకాలంలో మా ఎద్దుల జతలో ఒకటి జబ్బు చేసి చనిపోయింది. ఒంటెద్దును పెట్టుకుని ఏం చేస్తాం, దాన్ని కూడా అమ్మేసి కొత్త జత తెచ్చుకుందామని నాయన అనుకున్నాడు. ట్రాక్టర్ ఉండగా ఎద్దులెందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. దున్నడానికి ట్రాక్టర్ సరే, గొర్రు కట్టి సాలు తప్పకుండా విత్తడానికి, మధ్యలో గుంటుక తోలడానికి మా చిన్న చేలల్లో ఇప్పటికీ ఎద్దులే. అద్దె ట్రాక్టర్ మనం అడిగిన రోజు రాదు, ఊరందరికీ ఒకేసారి కావాలి కాబట్టి.

2023 అక్టోబర్. 9వ తారీకున తెలంగాణ అసెంబ్లీ ఎలక్షన్ షెడ్యూల్ వచ్చింది, ఆరోజు నుంచే కోడ్. నాయనకు కోడ్ అంటే గోడల మీద రాతలు చెరిపేస్తారు, విగ్రహాలకు ముసుగు వేస్తారు, అంతవరకే తెలుసు. అంతకు ముందు వారమే రాయచూర్ వైపు ఒక పెద్దాయన దగ్గర కోడెల జత చూసొచ్చాడు. నాలుగు పండ్లవి, సుళ్లు చూశాడు, నడక చూశాడు, కాడి కట్టించి చూశాడు, బాగా నచ్చాయి. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం, 1,55,000కు తెగింది. 5,000 బయానా ఇచ్చాడు. మిగతా 1,50,000 దసరా ముందు శనివారం వనపర్తి జిల్లా పెబ్బేరు పశువుల సంతలో ఇచ్చి ఎద్దులు తోలుకొచ్చుకోవాలి, అదీ మాట. కాగితం లేదు, సాక్షి సంతకం లేదు, నోటి మాట మీదే అంతా.

ఆ లక్షా యాభై వేలు ఎట్లా కూడిందో కూడా చెప్తాను, ఎందుకంటే చెక్‌పోస్టులో అడిగింది అదే. మొదటి తీత పత్తి ఊళ్లోనే వ్యాపారికి అమ్మితే 62,000. మిగిలిన ఒంటెద్దును పక్క ఊరాయనకు అమ్మితే 48,000. ఇంకా 40,000 తక్కువ పడితే మా వదిన తన గొలుసు తీసిచ్చింది, అది గోల్డ్ లోన్‌లో పెట్టారు. మూడు కలిపితే సరిగ్గా లక్షా యాభై. ఇందులో గట్టి కాగితం ఉన్నది ఒక్క గోల్డ్ లోన్‌కే, అది ఇంట్లో బీరువాలో ఉంది. పత్తికి ఉన్నది వ్యాపారి తెల్ల చీటీ మీద రాసిచ్చిన కాంటా లెక్క. ఎద్దు అమ్మినదానికి అదీ లేదు.

21వ తారీకు శనివారం తెల్లారుజామున నాలుగింటికి నాయన, ఇంకో ఇద్దరు రైతులు ట్రాలీ మాట్లాడుకుని బయల్దేరారు. ఐదున్నర ప్రాంతంలో ఒక చెక్‌పోస్ట్ దగ్గర ఆపారు. అది ఏ చెక్‌పోస్టో, ఎవరు డ్యూటీలో ఉన్నారో నేను రాయను, ఎందుకంటే ఒక్క టీమును తిట్టడం వల్ల ఏమీ మారదు. నాయన పైసలు లోపలి బనీను జేబులో పెట్టుకున్నాడు, మూడు కట్టలు, అన్నీ ఐదు వందల నోట్లు. టార్చిలైటు వెలుతురులో బండి బానెట్ మీద పెట్టి లెక్కపెట్టారు. నాయన నాకు తర్వాత చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నా:

"యాభై వేలు దాటింది, బిల్లు చూపించు."

"ఎద్దుల కొననీకి పోతున్న సార్, పెబ్బేరు సంతకు."

"అదే, ఎద్దుల బిల్లు చూపించు."

"కొంటే గద సార్ బిల్లు వచ్చేది."

ఈ ఒక్క మాట మీదే నేను ఈ లెటర్ మొత్తం రాస్తున్నా అనుకోండి. సంతలో పశువు కొన్నాక, సంత ఫీజు వసూలు చేసుకునే హక్కు వేలంలో పాడుకున్నవాళ్లకు ఫీజు కడితే రశీదు రాసిస్తారు, అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, ధర అన్నీ అందులో ఉంటాయి. అది కొన్న తర్వాత. కొనడానికి పోయేటప్పుడు చేతిలో ఉండేది డబ్బు మాత్రమే. తిరిగొచ్చేటప్పుడు ఆపితే రశీదూ చూపిస్తారు, ఎద్దులూ చూపిస్తారు, కానీ అప్పటికి చేతిలో డబ్బు ఉండదు కాబట్టి అడిగేవాళ్లే ఉండరు. అంటే బిల్లు అనే రూల్ పెడితే కొనేవాడు ఎప్పటికీ పాస్ కాలేడు.

సరే, కాగితం లేదు. కానీ ఆ ట్రాలీలో ఏమున్నాయో ఒక్కసారి చూసుంటే బాగుండేది. రెండు కొత్త పలుపులు, రెండు ముకుతాళ్లు, తిరుగు ప్రయాణంలో ఎద్దులకు వేయడానికి ఒక జొన్న చొప్ప కట్ట, అమ్మ కట్టిచ్చిన చిన్న మూటలో పసుపు కుంకుమ, ఒక కొబ్బరికాయ, కొత్త ఎద్దులు గడపలోకి రాగానే బొట్టు పెట్టాలని. నాయన చేతులు చూసినా అర్థమయ్యేది, పత్తి ఏరి ఏరి వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. ఓట్లు కొనడానికి పోయే మనిషి ముకుతాళ్లు పట్టుకుని పోడు సార్. టీములో ఉన్న ఒక కుర్ర కానిస్టేబుల్ ఆ పలుపులు చూసి "నిజంగనే ఎద్దులకే పోతున్నట్టున్నరు సార్" అని మెల్లగా చెప్పాడట, నాయనకు చాయ్ కూడా ఇప్పించాడట, ఆ అబ్బాయికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. కానీ పైన ఉన్నాయన "మాకు రూల్ యాభై వేలు, మేము ఏం చేయలేం, కలెక్టరేట్‌లో చూస్కో" అని ఒక కాగితం చేతికిచ్చి పంపించేశారు. మిగతా ఇద్దరి దగ్గర తక్కువే ఉంది కాబట్టి వాళ్లను వదిలేశారు.

పొద్దున ఆరున్నరకు నాయన నాకు ఫోన్ చేశాడు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, చిన్న జాబ్. "బిడ్డా, పైసలు తీస్కున్నరు" అన్నాడు, అంతే, తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. నా ముప్పై ఏళ్లలో నాయన అట్లా ఫోన్ పట్టుకుని ఊరుకుండడం నేను వినలేదు.

అప్పుడు కూర్చుని రూల్స్ వెతికి చదివాను. ఇక్కడి నుంచి దయచేసి జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మీలో చాలామందికి కూడా ఇది ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నగదు సీజ్ చేయడం, తిరిగి ఇవ్వడం గురించి కేంద్ర ఎన్నికల సంఘం 2015 మే 29న ఇచ్చిన పద్ధతి ఒకటి ఉంది. అందులో యాభై వేల మాట ఉన్నది నిజమే, కానీ అది ఎవరికి? అభ్యర్థి గానీ, అభ్యర్థి ఏజెంట్ గానీ, పార్టీ కార్యకర్త గానీ ఉన్న బండిలో యాభై వేలు దాటి దొరికితే. లేదా బండిలో పోస్టర్లు, ప్రచార సామాన్లు, మందు, ఓటర్లకు పంచేటట్టు ఉన్న పది వేలకు పైన విలువ చేసే గిఫ్టులు లాంటివి దొరికితే. పార్టీతో ఏ సంబంధమూ లేని మామూలు మనిషి జేబులో యాభై వేలు దాటితే గుంజుకోమని అందులో లేదు. అంతెందుకు, పది లక్షలు దాటి దొరికినా, నేరం అనుమానం గానీ, అభ్యర్థితో పార్టీతో లింకు గానీ లేకపోతే ఆ టీము డబ్బు సీజ్ చేయకూడదు, ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకు సమాచారం ఇవ్వాలి, అని స్పష్టంగా ఉంది. చెకింగ్ అంతా ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఎదురుగా జరగాలి, వీడియో తీయాలి, ఆడవాళ్ల పర్సు చూడాలంటే ఆడ ఆఫీసర్ ఉండాలి, ఇవన్నీ రాసే ఉన్నాయి.

అంటే రూల్ రాసినవాళ్లు రైతు గురించి, పెళ్లి ఇంటివాళ్ల గురించి, ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ల గురించి ఆలోచించే రాశారు. మామూలు జనానికి ఇబ్బంది కాకూడదనే తిరిగి ఇచ్చే కమిటీ కూడా పెట్టారు. ఆ రూల్ కాగితం మీద నుంచి రోడ్డు మీదకు వచ్చేసరికి "యాభై వేలు దాటితే సీజ్" అనే ఒక్క ముక్కగా మారిపోయింది. పేపర్లో అదే వస్తుంది, టీవీలో అదే వస్తుంది, ఊళ్లో దండోరా వేసినా అదే, చివరికి డ్యూటీలో ఉన్నవాళ్లూ అదే నమ్ముతున్నారు.

ఇంకా ఆ కమిటీ సంగతి. జిల్లాలో ముగ్గురు ఆఫీసర్లు ఉంటారు, జిల్లా పరిషత్ సీఈఓ లేదా జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఏ) ప్రాజెక్ట్ డైరెక్టర్, ఎన్నికల ఖర్చు చూసే నోడల్ ఆఫీసర్, జిల్లా ట్రెజరీ ఆఫీసర్. ఎవరూ అడగకపోయినా ప్రతి సీజ్ కేసునూ వాళ్లంతట వాళ్లే చూడాలి, ఎఫ్ఐఆర్ లేకపోతే, పార్టీ లింకు లేకపోతే వెంటనే వదిలేయాలి. ఎక్కడ అప్పీల్ చేసుకోవాలో సీజ్ చేసేటప్పుడు ఇచ్చే కాగితంలోనే రాసి, మనిషికి నోటితో కూడా చెప్పాలి. నాయన చేతికిచ్చిన కాగితంలో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. కలెక్టరేట్ అన్నారు, కలెక్టరేట్‌లో ఏ రూము, ఏ సారు, ఏ నంబరు, ఏమీ లేదు.

21 శనివారం, 22 ఆదివారం, ఆ తర్వాత దసరా సెలవులు. పండగ రోజు మా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. నేను సెలవు పెట్టి ఊరికొచ్చి 25న నాయనను తీసుకుని పోయాను. పత్తి చీటీ, గోల్డ్ లోన్ కాగితం, పట్టాదార్ పాస్‌బుక్, పంచాయతీ సెక్రటరీ రాసిచ్చిన లెటర్, అన్నీ పట్టుకుని పోయాం. ఆరోజు ఒక సారు లేరు. రెండోసారి పోతే ఎద్దు కొన్నాయన వచ్చి చెప్పాలన్నారు, ఆయనను కూలి పోగొట్టి తీసుకుపోయాం. మూడోసారి సంతకాలు. నవంబర్ 3న డబ్బులు చేతికొచ్చాయి, ఒక్క రూపాయి తగ్గకుండా వచ్చాయి, అది నేను దాచను. కమిటీలో మాట్లాడిన పెద్ద సారు "మీ పైసలు మొదలే ఆపాల్సింది కాదమ్మా" అన్నారు కూడా. పదమూడు రోజులు.

ఈ పదమూడు రోజుల్లో రెండు సంతలు పోయాయి. రాయచూర్ పెద్దాయన ఆ శనివారం మధ్యాహ్నం దాకా చూసి, ఆయన అవసరం ఆయనది కదా, ఎద్దులు ఇంకొకరికి ఇచ్చేశాడు. బయానా ఐదు వేలు పోయింది, మాట తప్పినవాడికి బయానా తిరిగి రాదు, అది సంత కట్టుబాటు. ఎంతో మందికి ఫోన్లు చేసి, బతిమాలి, అద్దె ట్రాక్టర్‌తో ఆలస్యంగా పల్లి విత్తాం. డబ్బు నష్టం ఇంత అని చెప్పొచ్చేమో, కానీ నాయనకు దానికంటే ఎక్కువ బాధ ఇంకొకటి ఉంది. ఆ పెద్దాయన ముందు మాట పోయిందని. "నన్ను మోసగాడు అనుకుంటడు" అని ఇప్పటికీ అంటుంటాడు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న, ఈ రోజుల్లో ఇంత డబ్బు జేబులో పెట్టుకుని తిరగడమెందుకు, ఫోన్‌పే చేస్తే పోతుంది కదా. నేను కూడా నాయనను అట్లాగే అడిగేదాన్ని. కానీ సంతలో ఒక్క పూట నిలబడి చూడండి. అమ్మేవాళ్లలో సగం మంది చేతిలో బటన్ ఫోన్లు. యూపీఐలో మామూలుగా రోజుకు లక్షే లిమిట్, జత ధర అది దాటిపోతుంది. వేల మంది ఒకచోట చేరితే సిగ్నల్ ఉండదు, డబ్బు ఇక్కడ కట్ అయ్యి అక్కడ పడకపోతే పశువు ఎవరిదో ఎవరు తేలుస్తారు? చెక్కు ఇస్తే ముఖం తెలియని మనిషి దగ్గర ఎవరు తీసుకుంటారు? ఇంకొకటి, పాత క్రాప్ లోన్ బాకీ ఉన్న రైతుకు అకౌంట్‌లో డబ్బు పడితే బ్యాంకువాళ్లు అందులోంచి పట్టుకుంటారేమో అని భయం. అందుకే పైసలు లెక్కపెట్టి చేతిలో పడ్డాకే పగ్గం చేతికిస్తారు, ఇక ఆ ఇద్దరూ మళ్లీ జన్మలో కలవకపోయినా పేచీ ఉండదు. ఇది నల్లడబ్బు వ్యవహారం కాదు, ముఖాలు తెలియనివాళ్ల మధ్య నమ్మకం నిలబెట్టే పద్ధతి.

చట్టం కూడా దీన్ని తప్పు అనలేదు. ఒక మనిషి ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2017 ఏప్రిల్ నుంచి ఇన్‌కమ్ టాక్స్ రూల్ ఉంది, మాది దానికి లోపలే. వ్యాపారులు రోజుకు ఒకరికి పది వేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు టాక్స్ లెక్కలోకి రాదని రూల్ ఉన్నా, పంటకు, పశువులకు నేరుగా రైతుకిచ్చే డబ్బుకు అందులోనే మినహాయింపు ఇచ్చారు. అంటే పల్లెల్లో బేరాలు నోట్లతోనే నడుస్తాయని సర్కారుకు కూడా తెలుసు. తెలియనిది రోడ్డు మీద టార్చ్ పట్టుకున్న టీముకే, అది వాళ్ల తప్పు కంటే వాళ్లకు చెప్పనివాళ్ల తప్పు ఎక్కువ.

మీ పని వద్దని నేను ఎప్పటికీ అనను. ఓటుకు డబ్బులు మా ఊళ్లోనూ పంచుతారు, రాత్రిపూట వాడ వాడకూ వస్తారు, మా అమ్మ ఒకసారి తీసుకోను అన్నందుకు పక్కింటివాళ్లతో మాటలు కూడా బంద్ అయ్యాయి. ఆ డబ్బు పట్టుకోండి, ఎంత దొరికితే అంత పట్టుకోండి, మేము చప్పట్లు కొడతాం. కానీ దానికోసం సంతకు పోయేవాణ్ణి, మిర్చి అమ్ముకుని గుంటూరు యార్డు నుంచి ఇంటికి పోయేవాణ్ణి, బిడ్డ పెళ్లికి బంగారం కొననీకి పోయే తల్లిని ఆపి సీజ్ చేయొద్దు. ఆంధ్రాలో 2024లో మార్చి 16న కోడ్ వచ్చి జూన్ దాకా ఉంది, మిర్చి సీజనూ పెళ్లిళ్లూ అన్నీ ఆ రోజుల్లోనే. కోడ్ ఉన్నన్ని రోజులు జనం ఏదీ కొనకుండా అమ్మకుండా ఉండలేరు కదా.

జిల్లా ఎన్నికల అధికారులకు నా విన్నపం, ట్రైనింగ్ రోజు ఆ యాభై వేల రూల్ ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో తెలుగులో ఒక్క పేజీలో రాసి ప్రతి టీము చేతికి ఇవ్వండి, చెక్‌పోస్ట్ టెంటుకే అతికించండి, ఆపబడిన మనిషి కూడా చదువుకునేటట్టు. మీ జిల్లాలో ఏ వారం ఎక్కడ సంత ఉంటుందో మీకు తెలుసు, ఆ రోజు ఆ రోడ్డు మీద ఉండే టీముకు ముందే చెప్పండి, ఈరోజు పొద్దున రైతులు డబ్బుతో వస్తారు అని. అనుమానం ఉంటే పంచాయతీ సెక్రటరీకి ఫోన్ చేయండి, ఐదు నిమిషాల పని. అప్పటికీ తీరకపోతే పేరు, ఆధార్, డబ్బు ఎంత, ఏం కొనడానికి అని ఒక ఫారం మీద రాయించుకుని ఫోటో తీసుకుని పంపండి, సాయంత్రం సంత రశీదు అదే చెక్‌పోస్టులో చూపించి పోతారు, చూపించకపోతే అప్పుడు మీరు ఏం చర్య తీసుకున్నా న్యాయమే. ఒకవేళ సీజ్ చేయాల్సే వస్తే కాగితం మీద కమిటీ రూము నంబర్, ఫోన్ నంబర్, టైము రాసివ్వండి. కమిటీకి ఎలక్షన్ అయ్యేదాకా ఆదివారం, పండగ సెలవులు ఉండకూడదు, మీ చెక్‌పోస్టులకు సెలవు లేనప్పుడు కమిటీకి మాత్రం ఎందుకు? పోలింగ్ అయిన ఏడు రోజులకు మించి ఏదీ పెండింగ్ పెట్టొద్దని రూల్‌లో ఉన్నది ఆఖరి గడువు, అప్పటిదాకా ఆపమని కాదు. రైతుకు ఏడు రోజులంటే ఒక అదును.

రైతులకు కూడా ఒక మాట. కోడ్ టైములో ఎంత తొందరున్నా బ్యాంకు పాస్‌బుక్, పట్టా పాస్‌బుక్, పంట అమ్మిన చీటీ ఏదున్నా దాని జిరాక్స్ జేబులో పెట్టుకుని పోండి. పత్తి, వడ్లు ఎవరికి అమ్మినా పేరు, తారీకు, సంతకంతో చీటీ అడిగి తీసుకోండి. ఆపితే మెజిస్ట్రేట్ ఎవరు సార్ అని మర్యాదగా అడగండి, వీడియో తీయమని అడగండి, కాగితం మీద కమిటీ వివరాలు రాయించుకోండి. అవన్నీ మీ హక్కులే.

నవంబర్ 4న నాయన మళ్లీ సంతకు పోయాడు, ఈసారి నేను కూడా పోయాను, కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకుని. ఎవరూ ఆపలేదు. ఇంకో జత దొరికింది, అంత మంచివి కాకపోయినా. ఆ కొత్త పలుపులే వాటికి కట్టాం. సంత అంతా తిరిగి రాయచూర్ పెద్దాయన కోసం వెతికాడు నాయన, జరిగింది చెప్పుకుందామని. ఆరోజు ఆయన రాలేదు. చెక్‌పోస్టులో ఇచ్చిన ఆ కాగితాన్ని నాయన ఇంకా పాస్‌బుక్‌లో మడిచి పెట్టుకున్నాడు, ఎప్పుడైనా ఆయన కనబడితే చూపించాలని.